చవకైన పెద్ద గేమింగ్ మానిటర్: కోత ఎక్కడ పడిందో తెలిసి కొనడం

తెర పెద్దది, రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క, హెర్ట్జ్‌లలో) ఎక్కువ, ధర మాత్రం చేతికందేది. ఈ మూడూ ఒకే మానిటర్‌లో కుదిరాయంటే తయారీలో ఎక్కడో కోత పడిందన్నమాటే. ఆ కోత పిక్సెళ్లలో పడి ఉండొచ్చు, ప్యానెల్ వేగంలో పడి ఉండొచ్చు. బ్యాక్‌లైటు (తెర వెనకనుంచి వచ్చే వెలుగు) లోనో, పోర్టుల్లోనో, స్టాండులోనో కూడా పడి ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు. చీకటి గదిలో హారర్ గేములు ఆడేవాళ్లను విసిగించే ప్యానెల్, పగటి వెలుతురులో ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు హాయిగా సరిపోతుంది. చిక్కల్లా పెద్ద తెర మీద లోపం కూడా పెద్దగానే కనిపించడంలో ఉంది. 24 అంగుళాల మానిటర్‌లో కంటికి ఆనని మచ్చ, 32 అంగుళాల దాంట్లో రోజూ ఎదురుపడుతుంది. అందుకే ఏ మోడల్ మంచిదని వెతికే ముందు, ఏ లోపం మన వాడకానికి అడ్డురాదో తేల్చుకోవాలి.

ముందు కొలవాల్సింది టేబుల్

32 అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. మామూలు 16:9 తెరకు అది దాదాపు 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు. 27 అంగుళాలదైతే 60, 34. చెప్పుకోవడానికి అయిదు అంగుళాలే తేడా గానీ, వైశాల్యం లెక్కన 40 శాతం ఎక్కువ. 34 అంగుళాల అల్ట్రావైడ్ వెడల్పు 80 సెంటీమీటర్లు, ఎత్తు మాత్రం 27 అంగుళాల తెరంతే. 16:9లోనే నడిచే గేమో వీడియోనో దాని మీద పెడితే మధ్యలో 27 అంగుళాల బొమ్మ, అటూ ఇటూ నల్ల పట్టీలు మిగులుతాయి. కన్సోళ్లు 16:9 బొమ్మే ఇస్తాయి కాబట్టి, వాటితో ఆడేవాళ్లకు అల్ట్రావైడ్ వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు.

కొనేముందు ఒక అట్టపెట్టె ముక్కను 71 × 40 కొలతకు కోసి టేబుల్ మీద నిలబెట్టి చూడండి. గోడకు ఆనించి మాత్రం కాదు. చవక మానిటర్లకు వచ్చే వి-ఆకారపు స్టాండు కాళ్లు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోతు తినేస్తాయి. కాబట్టి తెర గోడకు 15 సెంటీమీటర్లయినా ఇవతలికి వస్తుంది. 60 సెంటీమీటర్ల లోతున్న టేబుల్ మీద ఈ లెక్క వేస్తే కంటికీ తెరకూ మధ్య మిగిలేది యాభై, యాభై అయిదు. ఆ దూరంలో 32 అంగుళాల తెర చూపులో దాదాపు 70 డిగ్రీలు ఆక్రమిస్తుంది. మూలన ఉన్న మినీమ్యాప్ చూడాలంటే కళ్లు తిప్పితే సరిపోదు, మెడే తిప్పాలి. 80 సెంటీమీటర్ల దూరంలో అదే తెర 48 డిగ్రీలకు తగ్గుతుంది, ఆట మొత్తం ఒక్క చూపులో అందుతుంది. టేబుల్ లోతు 70 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉండి, మానిటర్ ఆర్మ్ (టేబుల్‌కు బిగించి తెరను మోసే చేయి) పెట్టే వీలు లేకపోతే 27 అంగుళాల దగ్గరే ఆగడం మేలు.

పిక్సెళ్లు సరిపోతాయా లేదా అన్నదీ ఈ దూరం మీదే ఆధారపడుతుంది. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను పట్టగలదు. దాన్ని లెక్కలోకి మారిస్తే, 8730ని అంగుళానికి ఉన్న పిక్సెళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే పిక్సెల్ విడిగా కనిపించడం మానేసే దూరం, సెంటీమీటర్లలో. 32 అంగుళాల 1080పీ (1920 × 1080 పిక్సెళ్ల) తెరలో అంగుళానికి 69 పిక్సెళ్లు ఉంటాయి; అంటే మీటరుంపావు వెనక్కి కూర్చోవాలి. టేబుల్ దగ్గర అది కుదరని పని. అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి, దూరంగా ఉన్న శత్రువు నాలుగు చుక్కల ముద్దవుతాడు. మంచం మీద కూర్చుని కన్సోల్ ఆడేవాళ్లకు తప్ప ఈ జోడీ ఎవరికీ సూచించదగ్గది కాదు. అదే 32 అంగుళాల్లో 1440పీ (2560 × 1440) తీసుకుంటే అంగుళానికి 92 పిక్సెళ్లు, 95 సెంటీమీటర్లు. సరిగ్గా 24 అంగుళాల 1080పీ మానిటర్ సాంద్రతే ఇది. దాన్ని ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు అక్షరాల సైజు కూడా మారదు, విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసే సెట్టింగు) ముట్టుకోనక్కర్లేదు. 32 అంగుళాల 4కే (3840 × 2160) అయితే 138 పిక్సెళ్లు, 63 సెంటీమీటర్ల దూరం చాలు. చదవడానికి చాలా స్పష్టంగా ఉంటుంది గానీ 125 లేదా 150 శాతం స్కేలింగ్ పెట్టుకోవాలి.

4కేకి అసలు వెల మానిటర్ దగ్గర కాదు, గ్రాఫిక్స్ కార్డు దగ్గర తెలుస్తుంది. 1080పీలో ఒక్కో ఫ్రేముకు 20.7 లక్షల పిక్సెళ్లు గీయాలి. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. 1440పీలో 90 ఫ్రేములు ఇచ్చే కార్డు 4కేలో యాభైకి అటూ ఇటూ పడిపోవడం మామూలే. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లలో గీసి తెరంతకు పెంచే పద్ధతి) ఉన్న గేములకు ఈ భారం తగ్గుతుంది. 4కేలో క్వాలిటీ మోడ్ లోపల గీసేది 1440పీలోనే. అవి లేని పాత గేముల్ని నేరుగా 1440పీలో నడిపిస్తే ఒక్కో పిక్సెల్‌ను ఒకటిన్నర పిక్సెళ్ల మీద పరచాల్సి వచ్చి బొమ్మ మసకబారుతుంది. మధ్యరకం కార్డు ఉన్నవాళ్లకు 32 అంగుళాల 1440పీయే ఇప్పటికీ నిక్కమైన ఎంపిక.

వీఏ, ఐపీఎస్: రెండు రకాల నలుపు

వీఏ, ఐపీఎస్ అనేవి ఎల్‌సీడీ ప్యానెళ్లలో రెండు రకాలు. చవక పెద్ద మానిటర్లలో ఎక్కువ భాగం వీఏ ప్యానెళ్లే. వీటి కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు నిష్పత్తి) సుమారు 3000:1, ఐపీఎస్‌ది 1000:1. తెల్లటి భాగాన్ని 120 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగులో పెడితే, ఐపీఎస్ నలుపు 0.12 నిట్ల దగ్గర ఆగుతుంది, వీఏ నలుపు 0.04కి దిగుతుంది. పగలు ఈ తేడా తెలియదు. రాత్రి లైటు ఆర్పి గుహలో నడిచే గేము పెడితే ఐపీఎస్ నలుపు బూడిద రంగులా, వీఏ నలుపు నలుపులా ఉంటుంది. దీనికి తోడు ఐపీఎస్ మూలల్లో తెల్లటి మెరుపొకటి లేస్తుంది. పెద్ద తెరకు దగ్గరగా కూర్చున్నకొద్దీ మూలను ఏటవాలుగా చూస్తాం కాబట్టి ఆ మెరుపు ఎక్కువవుతుంది.

మరి వీఏ లోపమేమిటి? ఒక రాత్రి దృశ్యం తీసుకోండి. ముదురు నీలం ఆకాశం ముందు నల్లటి చెట్టు మాను. కెమెరాను మెల్లగా పక్కకు తిప్పండి. మాను కదిలిన దారిలో, తడి సిరాను వేలితో లాగినట్టు నల్లటి చార సాగుతుంది. దీన్నే స్మియరింగ్ అంటారు. వీఏలో నలుపు రంగంటే ద్రవస్ఫటికాల అణువులు గాజుకు నిలువుగా నిలబడి ఉండటం. అక్కడి నుంచి కొద్దిపాటి బూడిదకు రావాలంటే ఇచ్చే వోల్టేజీ చాలా స్వల్పం, ఆ చిన్న తోపుకు అణువులు బద్ధకంగా కదులుతాయి. 144 హెర్ట్జ్‌లో ఫ్రేముకు దొరికే సమయం 6.9 మిల్లీసెకన్లు. చవక వీఏలో ఈ చీకటి మార్పులకు 20, 30 మిల్లీసెకన్లు పట్టొచ్చు. అంటే మూడు నాలుగు ఫ్రేముల కిందటి నలుపు ఇంకా తెర మీదే ఉంటుంది.

దీన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించగలం. మానిటర్ మెనూలో బ్లాక్ ఈక్వలైజర్ లాంటి పేరుతో ఉండే సెట్టింగును ఒకటి రెండు మెట్లు పెంచితే అట్టడుగు నలుపు కొంచెం పైకి లేచి, బద్ధకపు మార్పులు తగ్గుతాయి. అంతకు మించి పెంచితే వీఏ కొన్నందుకు దక్కిన నలుపే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ద్రవస్ఫటికం చిక్కబడి ఇంకా మెల్లగా కదులుతుంది కాబట్టి, చలి ఉన్న గదిలో ఆన్ చేసి పావుగంట ఆగాకే ప్యానెల్ మీద తీర్పు చెప్పాలి. పోటీ షూటర్లు ఎక్కువగా ఆడేవాళ్లు మాత్రం ఈ తంటాలేవీ పడకుండా ఐపీఎస్ తీసుకోవాలి. కథ ప్రధానంగా సాగే గేములు, రేసింగ్, సినిమాలు అయితే వీఏ.

వంపు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 1500ఆర్ అంటే తెర 1.5 మీటర్ల వ్యాసార్థమున్న వృత్తంలో ముక్క అని, 1000ఆర్ అంటే మీటరు వ్యాసార్థమని అర్థం. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. పక్కనుంచి చూస్తే వీఏ ముదురు రంగులు వెలిసిపోతాయి. వంపు వల్ల అంచులు కంటివైపు తిరిగి ఆ లోపం కొంత కప్పబడుతుంది. గీతలు గీసే పని, డిజైన్ పని చేసేవాళ్లకు సరళరేఖ వంగినట్టు అనిపిస్తుంది కాబట్టి వాళ్లకు చదునైనదే నయం.

పెట్టె మీద అంకెలు

"1 మిల్లీసెకను" అన్న మాట దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. దాని పక్కన ఎంపీఆర్‌టీ అని ఉంటే అది పిక్సెల్ రంగు మారే వేగం కాదు. బ్యాక్‌లైటును ఫ్రేము ఫ్రేముకూ ఆర్పి వెలిగించి, కంటికి మసక తగ్గించే మోడ్‌లో వచ్చిన అంకె. ఆ మోడ్ పెడితే వెలుగు బాగా పడిపోతుంది, చాలా మానిటర్లలో వేరియబుల్ రిఫ్రెష్ రేటు (వీఆర్‌ఆర్; కార్డు ఫ్రేములిచ్చే వేగానికి తగ్గట్టు తెర మారడం) ఆగిపోతుంది. జీటూజీ అని ఉంటే బూడిద నుంచి బూడిదకు మారే వేగం, కానీ అదీ అన్ని మార్పుల్లోకీ ఉత్తమమైనదాన్ని ఏరి, ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెల్‌ను త్వరగా మార్చేందుకు గట్టిగా తోసే సెట్టింగు) చివరి మెట్టుకు ఎక్కించి కొలిచింది అయి ఉండొచ్చు. ఆ చివరి మెట్టులో పిక్సెల్ గమ్యం దాటి దూకి వెనక్కి వస్తుంది. కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ పడుతుంది. చాలా మానిటర్లలో మధ్య మెట్టే వాడదగ్గది. కన్సోల్‌లో 60 ఫ్రేముల గేము ఆడేటప్పుడు ఇంకో మెట్టు దించాలి, ఎందుకంటే చవక మానిటర్లలో ఓవర్‌డ్రైవ్‌ను గరిష్ఠ రిఫ్రెష్ రేటుకు తగ్గట్టుగానే సరిచేస్తారు.

రిఫ్రెష్ రేటు విషయంలో ఎక్కడ ఆగాలో లెక్క చెబుతుంది. 1440పీ తెర మీద ఒక కారు రెండు సెకన్లలో ఈ చివర నుంచి ఆ చివరకు దాటిందనుకోండి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 21 పిక్సెళ్లు దూకుతుంది, కంటికి అంత మేర మసక. 144లో 9 పిక్సెళ్లు. 180లో 7. మొదటి మెట్టు జీవితాన్ని మార్చేస్తుంది, రెండోదాన్ని పట్టుకోవాలంటే పనిగట్టుకుని చూడాలి. 144కీ 180కీ మధ్య ధర తేడా ఉంటే ఆ డబ్బు ఎత్తు సర్దుకునే స్టాండు మీద పెట్టడం తెలివి.

హెచ్‌డీఆర్ (వెలుగు, నీడల మధ్య తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) గురించి చవక శ్రేణిలో ఆశ పెట్టుకోవద్దు. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు 400 నిట్ల వెలుగు కావాలే తప్ప, బ్యాక్‌లైటు భాగాలుగా మసకబారే ఏర్పాటు అక్కర్లేదు. అలాంటి తెరలో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే తెర మొత్తం వెలుగెక్కి, నలుపు కూడా దాంతోపాటే లేస్తుంది. "హెచ్‌డీఆర్10 సపోర్ట్" అంటే సిగ్నల్‌ను తీసుకుంటుందన్నంతే. వందల సంఖ్యలో మసకబారే జోన్లున్న మినీ ఎల్‌ఈడీ మానిటర్ బడ్జెట్‌లో దొరికితే అప్పుడు హెచ్‌డీఆర్‌ను లెక్కలోకి తీసుకోండి. లేకపోతే ఆఫ్ చేసి మరచిపోండి.

మినుకుమినుకు ఎందుకు వస్తుంది

ఫ్రీసింక్, జీసింక్ కంపాటబుల్ అనే ముద్రలన్నీ చేసే పని ఒకటే: కార్డు ఫ్రేము ఇచ్చినప్పుడే తెర మారుతుంది, బొమ్మ చీలదు. దీని పరిధిని తప్పకుండా చూడాలి. 48 నుంచి 144 హెర్ట్జ్ అని ఉంటే మంచిది, ఎందుకంటే పైఅంకె కింది అంకెకు కనీసం రెండింతలు ఉన్నప్పుడే, 40 ఫ్రేములకు పడిపోయినా ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి 80 హెర్ట్జ్‌లో నడిపే వీలుంటుంది. 48 నుంచి 75 అని ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

వీఏ తెరల్లో వచ్చే పెద్ద ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. పిక్సెల్‌లో నింపిన విద్యుదావేశం తరవాతి ఫ్రేము వచ్చేదాకా నిలవాలి. ఎదురుచూపు పెరిగేకొద్దీ అది కొంచెం జారుతుంది, వెలుగు కొంచెం మారుతుంది. ఫ్రేములు నిలకడగా ఉన్నంతసేపు కంటికి తెలియదు. లోడింగ్ తెర మీద 144 నుంచి 50కి, మళ్లీ 120కి గెంతుతుంటే బూడిద రంగు ప్రదేశాలన్నీ మినుకుమంటాయి. ప్యానెల్ పాడైందని చాలామంది వెనక్కి పంపేది దీన్ని చూసే. ముందు ఫ్రేములకు కళ్లెం వేయండి: గేము 80 నుంచి 110 మధ్య ఊగుతుంటే 85 దగ్గర పరిమితి పెడితే మినుకు దాదాపు ఆగిపోతుంది. నీడలు, ప్రతిబింబాల నాణ్యత ఒక మెట్టు దించితే ఊగిసలాట ఇంకా తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే ఆ ఒక్క గేముకు వీఆర్‌ఆర్ ఆపేయడమే. ఊగిసలాట లేని గేముల్లో గరిష్ఠానికి మూడు ఫ్రేములు తక్కువగా, అంటే 144కి 141 దగ్గర పరిమితి పెడితే తెర ఎప్పుడూ వీఆర్‌ఆర్ పరిధిలోనే ఉంటుంది.

పోర్టులు, కన్సోల్

కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ 1.4 చాలు. హెచ్‌డీఎంఐ 2.0తో 1440పీలో 144 హెర్ట్జ్ వరకు వెళ్లొచ్చు, 4కేలో 60 దగ్గరే ఆగుతుంది. 4కే 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 తప్పనిసరి. అయితే ఆ పేరు చూసి నమ్మకూడదు. పాత 2.0 సామర్థ్యం కూడా 2.1 నిబంధనల్లో భాగమే కాబట్టి, పూర్తి వేగం లేని పోర్టుకూ ఆ పేరు పెట్టే వీలుంది. వివరాల పట్టికలో ఆ పోర్టు పక్కన "4కే 120" అని విడిగా రాసి ఉందో లేదో చూడండి. ప్లేస్టేషన్ 5కి 2022 వరకు 1440పీ సదుపాయమే లేదు, ఆ ఏడాది వచ్చింది. అది హెచ్‌డీఎంఐ వీఆర్‌ఆర్‌నే గుర్తిస్తుంది, ఫ్రీసింక్‌ను గుర్తించదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఫ్రీసింక్‌నూ గుర్తిస్తుంది. ఒకే చవక మానిటర్ ఒకదానికి బాగా కుదిరి ఇంకోదానికి కుదరకపోవడానికి కారణం ఇదే.

తెచ్చిన రోజు

పెట్టెలోంచి తీసేటప్పుడు ఇద్దరుండాలి. తెర మీద వేళ్లు ఆనించి ఎత్తితే లోపలి పొరలు నలిగి శాశ్వతంగా మచ్చ పడుతుంది. పెట్టెలోని మెత్తటి ఫోమ్ మీదే బోర్లా ఉంచి స్టాండు బిగించండి.

ఆన్ చేయగానే విండోస్ 60 హెర్ట్జ్‌లోనే నడుస్తూ ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేటు మార్చాలి. నెలల తరబడి 144 హెర్ట్జ్ తెరను 60లో వాడేవాళ్లు ఎంతమందో. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపినప్పుడు నలుపు పాలిపోయినట్టుంటే ప్యానెల్‌ను తిట్టకండి. కార్డు డ్రైవర్‌లో రంగుల పరిధి లిమిటెడ్‌లో ఉందేమో చూసి ఫుల్‌కు మార్చండి. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి. వెలుగు ఫ్యాక్టరీలో ఎక్కువగా పెట్టి పంపుతారు, రాత్రి గదికి 120 నిట్లు చాలు; తెల్లటి పేజీ, పక్కనే పెట్టిన తెల్ల కాగితం ఒకే వెలుగులో కనిపించేదాకా తగ్గిస్తే దగ్గర్లోకి వస్తుంది. అక్షరాల అంచుల్లో ఎరుపు, నీలం కనిపిస్తే ప్యానెల్‌లో ఉపపిక్సెళ్లు తిరగబడిన వరసలో ఉన్నాయేమో. విండోస్‌లోని క్లియర్‌టైప్ సర్దుబాటు చాలావరకు దాన్ని మెరుగుపరుస్తుంది.

తరవాత నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని ఒక్కొక్కటిగా తెరనిండా పెట్టి చూడండి. నలుపు మీద వెలిగే చుక్క, తెలుపు మీద ఆరిన చుక్క, అంచుల నుంచి కారే వెలుగు అప్పుడు బయటపడతాయి. కొన్ని చుక్కల వరకు లోపంగా ఒప్పుకోని వారంటీలే ఎక్కువ కాబట్టి, వారంటీ మీద కాదు, వెనక్కి ఇచ్చే గడువు మీద ఆధారపడాలి. ఈ పరీక్ష మొదటి రెండు రోజుల్లోనే అయిపోవాలి.

అప్పుడప్పుడూ కంప్యూటర్ సరిగా ఆరకపోతే, బూట్ కాకపోతే చవక డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌ను అనుమానించండి. నిబంధనల ప్రకారం కేబుల్‌లో 20వ పిన్ను కలపకూడదు. కలిపేసిన కేబుళ్లు మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు పంపుతాయి.

కూర్చున్నప్పుడు మామూలు టేబుల్ మీది నుంచి కళ్లు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. 40 సెంటీమీటర్ల తెర కింది అంచు 15 సెంటీమీటర్ల మీద ఉంటే పైఅంచు 55కి పోతుంది, గడ్డం ఎత్తి చూడాల్సి వస్తుంది. స్టాండు ఎత్తు మారకపోతే ఆర్మ్ పెట్టాలి. వెనక 100 × 100 మిల్లీమీటర్ల వెసా (ఆర్మ్‌లు బిగించే ప్రమాణం) రంధ్రాలు, ఎం4 మరలు ఉండాలి. రంధ్రాలు గుంతలో ఉంటే స్పేసర్లు వాడాలి, పొడవైన మరల్ని బలంగా బిగిస్తే లోపలి బోర్డుకు తగులుతాయి. ఆర్మ్ మోయగల బరువును స్టాండు లేని తెర బరువుతో పోల్చాలి. వంపు తెర బరువు ముందుకు తూగుతుంది కాబట్టి అంచు దాకా వెళ్లే లెక్క వద్దు, రెండు కిలోలయినా మిగులు ఉంచుకోండి. చెక్కపొడి బోర్డు టేబులైతే క్లాంపు కింద లోహపు పలక వేయాలి, గాజు టేబుల్‌కు క్లాంపు అసలు బిగించకూడదు. టేబుల్ గోడకు ఆని ఉంటే ఆర్మ్ మోచేయి వెనక్కి మడిచే చోటుండదు. దాన్ని పక్కకు మడిచేలా క్లాంపును టేబుల్ మధ్యలో కాకుండా ఒక పక్కగా బిగిస్తే తెర గోడకు దగ్గరగా జరుగుతుంది. ముందు చెప్పిన 60 సెంటీమీటర్ల టేబుల్ మీద అలా దక్కే పది సెంటీమీటర్లతో 32 అంగుళాల తెర వాడదగ్గ దూరంలోకి వస్తుంది.

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, అవసరమైతే గుడ్డ మీదే రెండు చుక్కల డిస్టిల్డ్ నీళ్లు. అద్దాల క్లీనరులోని అమ్మోనియా మ్యాట్ పూతను తినేస్తుంది. నీళ్లు తెర మీద చల్లితే కింది అంచు గుండా దిగి ప్యానెల్‌ను నడిపే సర్క్యూట్ల దాకా పోతాయి. పెట్టె, దానిలోని ఫోమ్ అచ్చులు వారంటీ ముగిసేదాకా అటక మీద ఉంచండి. 71 సెంటీమీటర్ల తెరను సర్వీసుకు పంపాల్సి వస్తే అంత సరిగ్గా పట్టే పెట్టె బయట దొరకదు.